పద్దెనిమిది వందల్లో ఢిల్లీ

పిల్లల్ని ఢిల్లీకి తీసుకుపోవాలనుకునే మాస్టారు రైలు ఛార్జీ కన్నా ముందు చూసుకోవాల్సింది సోమవారం ఎప్పుడొస్తుందో. సోమవారం ఎర్రకోట మూసి ఉంటుంది. నేషనల్ మ్యూజియం, రైలు మ్యూజియం, లోటస్ టెంపుల్, అక్షరధామ్, గాంధీజీ ఆఖరి రోజులు గడిపిన గాంధీ స్మృతి, అన్నిటికీ ఆ రోజే సెలవు. ఈ సంగతి తెలియక బయల్దేరితే ఒక రోజు తిండి, బస ఖర్చు మూసిన గేట్ల ముందు కరిగిపోతుంది. ఇరవై నలుగురు పిల్లలకు ఒక రోజంటే మా లెక్కలో ఆరు వేల రూపాయలు. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించే తల్లికి ఆరు వేలంటే ఎన్ని వారాల పనో నాకు తెలుసు. అందుకే 2023 ఫిబ్రవరి క్యాలెండర్ ముందేసుకుని, సోమవారానికి కుతుబ్ మీనార్, జంతర్ మంతర్, బంగ్లా సాహిబ్ గురుద్వారా రాసుకున్నాకే మిగతా కాగితం నింపాను. అవి వారమంతా తెరిచే ఉంటాయి.

నేను సూరత్‌లో తెలుగు మాధ్యమం బడిలో ఉపాధ్యాయుణ్ని, స్కౌట్ మాస్టర్ని. సూరత్‌లో తెలుగు బడి ఏమిటని ఊళ్లో చుట్టాలు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. ఇక్కడ నగరపాలిక కింద ఉన్న నగర ప్రాథమిక శిక్షణ సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు బడులతో పాటు తెలుగు బడులు కూడా నడుపుతుంది. నేతపనిని నమ్ముకుని కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు లింబాయత్, డిండోలి, ఉధ్నా, పర్వత్ పాటియా చుట్టుపక్కల స్థిరపడ్డాయి. తండ్రులు సాంచాల మీద పన్నెండు గంటల పాళీ చేస్తారు. పవర్‌లూమ్‌ను ఇక్కడ సాంచా అంటారు, మా వాళ్ల తెలుగులోనూ అదే మాట. తల్లులు దారాలు కత్తిరిస్తారు, చీరలు మడత పెడతారు, రాళ్లు అతికిస్తారు. పిల్లలు ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, దుకాణంలో గుజరాతీ మాట్లాడతారు. వాళ్లకు తెలిసిన దూర ప్రయాణం ఒకటే: నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్‌లో దిగడం. అదీ వేసవి సెలవులకో, పెళ్లికో, చావుకో. పనేమీ లేకుండా, ఒక చోటు చూసి రావడానికే రైలెక్కినవాడు మా మొదటి సమావేశంలో ఒక్కడూ లేడు.

స్కౌట్ నియమాలు తొమ్మిది. ఎనిమిదోది స్కౌట్ పొదుపరి అని. పిల్లలు దాన్ని పాఠం అప్పజెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. ఆ మాటకు అర్థమేమిటో వాళ్లకు చూపించాలంటే బ్లాక్‌బోర్డు మీద రాసి లాభం లేదనీ, పర్సు వాళ్ల చేతికే ఇవ్వాలనీ నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను.

ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు కలిస్తే ఒక పెట్రోల్. వాళ్లలోంచే ఒకరు లీడర్. బేడెన్ పొవెల్ 1907లో బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మంది కుర్రాళ్లతో మొదటి క్యాంపు పెట్టినప్పుడే వాళ్లను నాలుగు పెట్రోళ్లుగా విడదీసి, ఎవరి పని వాళ్లకు అప్పగించాడు. మాకు మూడు పెట్రోళ్లు: పులి, డేగ స్కౌట్లవి, మందార గైడ్లది. లీడర్లు కూర్చుని నిర్ణయాలు తీసుకునే సభను కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటారు. 2022 జూలైలో ఆ సభ మా బడి వరండాలో జరిగింది. లీడర్లు ముగ్గురే మాట్లాడాలి, మిగతా పిల్లలు చుట్టూ కూర్చుని వినొచ్చు.

అంతకు ముందే ఒక టూర్ల ఆఫీసులో అడిగి వచ్చాను. తలకు ఆరున్నర వేలు చెప్పారు. ఆ కాగితాన్నే పిల్లల ముందు పెట్టాను. అందులో ఒక్కో వరుస చదవడం, ఇది లేకపోతే మనం ఢిల్లీ చూడలేమా అని అడగడం. ఏసీ బస్సు కొట్టేశారు. హోటల్ గది కొట్టేశారు. గైడు ఖర్చు దగ్గర డేగ లీడర్ ఆగి, "సార్, గైడ్లు మన దగ్గరే ఎనిమిది మంది ఉన్నరు గదా" అన్నాడు. ప్రవేశ టికెట్ల వరుస దగ్గర నేనే ఒక మాట చెప్పాను: కుతుబ్ మీనార్, ఎర్రకోట లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. మా బడి ఎనిమిదో తరగతితో ఆఖరు. పదిహేను దాటినవాళ్లు ఎవరూ లేరు. పుట్టిన తేదీ ఉన్న బడి గుర్తింపు కార్డు మెడలో ఉంటే చాలు. ఆ వరుస కొట్టేసినప్పుడు చప్పట్లు కొట్టారు.

చివరికి బోర్డు మీద మిగిలింది ఇది: రైలుకు రానూపోనూ ఆరు వందలు, మూడు రాత్రుల బసకు మూడు వందలు, తిండికి ఆరు వందలు, మెట్రోకూ సిటీ బస్సులకూ రెండు వందలు, మందులకూ చిల్లర అవసరాలకూ వంద. మొత్తం పద్దెనిమిది వందలు. వెంట వచ్చే పెద్దవాళ్లం నలుగురం. మా ఖర్చు మాదే.

తేదీల మీద చర్చ ఎక్కువసేపు సాగలేదు. దీపావళి సెలవుల్లో పోదామంటే నవంబరులో ఢిల్లీ గాలి పిల్లలు పీల్చదగింది కాదు. వేసవిలో ఎండ, పైగా అందరూ ఊళ్లకు పోతారు. ఫిబ్రవరి 22 బేడెన్ పొవెల్ పుట్టినరోజు. ప్రపంచమంతటా స్కౌట్లు, గైడ్లు జరుపుకునే రోజు. ఆ రోజు ఢిల్లీలో మన జాతీయ కార్యాలయం గుమ్మం ముందు నిలబడి సెల్యూట్ చెయ్యాలని మందార లీడర్ అంది. అంతే, ఖాయమైంది. బయల్దేరేది 18, శనివారం. ఆ రోజు మహాశివరాత్రి అని క్యాలెండర్ చూశాక గాని తెలియలేదు. తల్లులు ఏమంటారో అనుకున్నాను. ఒకామె మాత్రం, "జాగారం రైల్ల చేస్తరు తియ్యి సారూ, దేవుడు ఆడ గూడ ఉంటడు" అంది. మిగతావాళ్లు ఆ మాట పట్టుకున్నారు.

రైలు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చవక ప్రయాణంలో సగం అక్కడే తేలుతుంది. సూరత్ నుంచి ఢిల్లీ వడోదర, రత్లాం, కోటా, మథుర మీదుగా పదకొండు వందల కిలోమీటర్ల పైచిలుకు. పశ్చిమ్ ఎక్స్‌ప్రెస్‌లో మధ్యాహ్నం ఎక్కితే మర్నాడు పొద్దెక్కాక దిగొచ్చు. అంటే ఆ రాత్రికి బస ఖర్చు లేదు. స్లీపర్ టికెట్టు ఐదొందలు దాటుతుంది. విద్యా యాత్రకు వెళ్లే విద్యార్థులకు స్లీపర్‌లో సగం రాయితీ ఉంది, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ముప్పావు వంతు. 2020లో కరోనా వచ్చాక రైల్వే చాలా రాయితీలు ఆపేసింది గాని విద్యార్థులది కొనసాగింది. ఇది ఆన్‌లైన్‌లో దొరకదు. రాయితీ ఫారం మీద హెడ్‌మాస్టర్ సంతకం, బడి ముద్ర వేయించుకుని కౌంటర్‌కే వెళ్లాలి. ఒక రిజర్వేషన్ ఫారంలో ఆరుగురి పేర్లే పడతాయి. అంతకు మించిన జట్టుకు రిజర్వేషన్ అధికారికి ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇంకో చిక్కు. 2016 ఏప్రిల్ నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ. బెర్త్ వద్దంటే సగం. మా పిల్లల్లో తొమ్మిది మందికి పన్నెండు నిండలేదు. ఇద్దర్ని ఒక బెర్త్ మీద సర్దేద్దామని తోటి టీచరు ఒకరు అన్నారు. విద్యార్థి రాయితీ లెక్క వేసి చూస్తే బెర్త్‌తో కలిపి ఇంచుమించు అదే డబ్బు పడుతోంది. తెలియక చాలా బడులు పిల్లల్ని ఇరికించి తీసుకుపోతాయి.

అప్పుడు రిజర్వేషన్ 120 రోజుల ముందు తెరిచేవారు. లెక్కేస్తే 2022 అక్టోబరు 21, దీపావళికి మూడు రోజుల ముందు. బిహార్, ఉత్తరప్రదేశ్ వెళ్లే జనంతో సూరత్ స్టేషన్ కిక్కిరిసి ఉంటుంది ఆ వారం. తెల్లవారక ముందే పోయి వరసలో నిలబడ్డాం, నేనూ ఒక పిల్లవాడి తండ్రీ. ఆయన రాత్రి పాళీ దిగి నేరుగా వచ్చాడు. టిఫిన్ డబ్బా ఇంకా చేతిలోనే ఉంది. ఎనిమిదింటికి కౌంటర్ తెరిచారు. మా ఇరవై ఎనిమిది పేర్లూ ఒకే బోగీలో పడ్డాయి. ఇప్పుడైతే ఆ గడువు అరవై రోజులే. 2024 నవంబరు నుంచి మారింది. డబ్బు కూడబెట్టడానికి వ్యవధి తగ్గలేదు గాని, టికెట్టు చేతిలో పడేదాకా పిల్లలు ఊపిరి బిగబట్టాల్సిన కాలం పెరిగింది.

ఇక డబ్బు. ఇక్కడ నేను గతంలో చేసిన తప్పు చెప్పాలి. కరోనాకు ముందు ఒకసారి రెండు రోజులకు గాంధీనగర్ తీసుకెళ్లాను. అప్పుడు పిల్లల పేర్లు, ఎవరెంత కట్టారో ఒక చార్టు మీద రాసి తరగతి గోడకు అంటించాను. లెక్క అందరికీ కనిపించాలన్నదే నా ఉద్దేశం. మూడో వారం నుంచి ఒక అమ్మాయి స్కౌటింగ్‌కు రావడం మానేసింది. కడుపునొప్పి అనీ, చుట్టాలొచ్చారనీ ఏవో చెప్పింది. చార్టులో తన పేరు ఎదురుగా రెండు గళ్లు ఖాళీగా ఉన్నాయని నేను గమనించేసరికి ఆలస్యమైపోయింది. ఆ పిల్ల గాంధీనగర్ రాలేదు. చార్టు చింపేశాను, కానీ అప్పటికే అందరూ చదివేశారు కదా.

ఈసారి ఒక తాళం డబ్బా, బోలెడు పాత కవర్లు. ప్రతి శనివారం ప్రతి పిల్లవాడూ ఒక కవరు డబ్బాలో వెయ్యాలి. కవరు మీద పేరుండదు. వారానికి యాభై చొప్పున ముప్పై వారాలు వేస్తే పదిహేను వందలవుతుందని అందరికీ చెప్పాం. కానీ ఏ కవర్లో యాభై ఉందో, ఏ కవర్లో పది ఉందో, ఏది ఖాళీదో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. అందరి ముందూ లీడర్లు కవర్లు చింపి మొత్తం లెక్కపెట్టి బోర్డు మీద ఒక్క అంకె రాస్తారు. ఖాళీ కవరైనా సరే, వెయ్యడం మాత్రం మానకూడదు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం ఒక తండ్రి బడికొచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"సారూ, జర మాట్లాడాలె."

"రాండ్రి, కూసోండ్రి."

"కూసునుడు గాదు సారూ. మా ఖాతా బందయింది. నెల దినాల నుంచి పని లేదు. పిలగాని పేరు కొట్టెయ్యున్రి. వానికి నేను చెప్పలేను, మీరే చెప్పున్రి."

ఖాతా అంటే ఇక్కడ మగ్గాల షెడ్డు. నేను పేరు కొట్టనన్నాను. పేర్లున్న కాగితమే లేదని చెప్పాను. ప్రతి శనివారం కవరు వేస్తున్నాడా లేదా అన్నదే చూస్తామని, మీ వాడు ఒక్క వారమూ మానలేదని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "లోపల ఏమేస్తున్నడో నాకు ఎరుక లేదు సారూ" అన్నాడు. నాకూ ఎరుక లేదన్నాను. ఆ వారం బోర్డు మీద అంకె తగ్గలేదు. అంటే ఎవరో యాభైకి బదులు ఎక్కువ వేశారు. అలా ఎన్నో వారాలు జరిగింది.

మిగతా మూడు వందలు పిల్లలే సంపాదించాలి. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో దాన్ని ఖరీ కమాయి అంటారు, చెమటోడ్చి నిజాయితీగా సంపాదించిన డబ్బు. దీపావళి ముందు మట్టి ప్రమిదలు కొని, రంగులు వేసి, మెరుపు రాళ్లు అతికించి అమ్మాలని అనుకున్నారు. రాళ్లు ఎక్కడివి అంటే, "మా ఇంట్ల డబ్బాల నిండ ఉంటయి సార్" అన్నారు నలుగురైదుగురు. మర్నాడే ఒక తల్లి వచ్చి ఆ రాళ్లు మాలికులవనీ, మిగిలినవి తూకం వేసి తిరిగి ఇవ్వాలనీ చెప్పింది. తల్లులు పని తెచ్చుకునేది ఆ నమ్మకం మీదే. స్కౌట్ నియమాల్లో మొదటిది నమ్మదగినవాడుగా ఉండటం. పిల్లలు తెచ్చిన రాళ్లన్నీ పొట్లాలు కట్టి వెనక్కి పంపేశారు. రింగ్ రోడ్ మార్కెట్ దగ్గర కొత్త రాళ్లు కొన్నాం. లాభం కొంత తగ్గింది. అయినా ప్రమిదలు, ఆ తర్వాత సంక్రాంతికి పాత బట్టల సంచులు కుట్టి అమ్మడం, ఒక అపార్ట్‌మెంట్‌లో సైకిళ్లు కడగడం, అన్నీ కలిపి ఏడు వేల రెండు వందలు దాటించారు.

ఖర్చు తగ్గించకూడని చోట్లూ ఉన్నాయి. బస కోసం ఢిల్లీలో ఉన్న మా పాత విద్యార్థి ఒకడు రెండు ధర్మశాలలు చూసి ఫొటోలు పంపాడు. ఒకటి తలకు అరవై రూపాయలు, మూడో అంతస్తు, ఒకటే ఇరుకు మెట్లు, కిటికీలకు ఇనుప చువ్వలు. రెండోది ఒక గుజరాతీ ట్రస్టుది, వంద రూపాయలు, కింది అంతస్తులో హాలు, ఎదురెదురుగా రెండు తలుపులు, ఆడపిల్లలకు వేరే గది. నలభై రూపాయలు ఎక్కువ ఎందుకని కోర్ట్ ఆఫ్ ఆనర్‌లో అడిగారు. నేను తక్షశిల అన్నాను. 2019 మే 24న మన సూరత్‌లోనే, సర్థాణాలో, ఆ భవనంలో మంటలు లేచి ట్యూషన్‌కు వెళ్లిన ఇరవై రెండు మంది పిల్లలు చనిపోయారు. మెట్ల దారి మూసుకుపోయి పై నుంచి దూకిన పిల్లల్ని ఊరంతా టీవీల్లో చూసింది. మా వాళ్లు అప్పుడు ఏడెనిమిదేళ్ల వాళ్లు, అయినా గుర్తుంది. ఇంకెవరూ ప్రశ్న వెయ్యలేదు. ధర్మశాలకు చేరిన మొదటి రాత్రే దీపాలు ఆర్పి, చీకట్లో రెండో తలుపు గుండా బయటికొచ్చే అభ్యాసం చేయించాను.

నీళ్ల దగ్గరికి పోకూడదన్నది ఇంకో నియమం. పడవలు, నది ఒడ్డున ఫొటోలు ఏవీ లేవు. 2014 జూన్‌లో బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఇరవై నలుగురు కొట్టుకుపోయినప్పటి నుంచి నేను పెట్టుకున్న నియమం ఇది. మా ప్రయాణం అయిన ఏడాదికి, 2024 జనవరి 18న వడోదర హర్ణీ చెరువులో బడి పిల్లల పడవ తిరగబడి పన్నెండు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. ఆ రోజు సాయంత్రం నాకు అన్నం సహించలేదు. పిల్లల్ని బయటికి తీసుకుపోవడమే మానేద్దామనే మాట ఆ తర్వాత చాలా బడుల్లో వినిపించింది. నేను దానికి ఒప్పుకోను. ఆరుగురికి ఒక పెద్ద మనిషి ఉండాలి, చూడని చోటుకు పిల్లల్ని తీసుకుపోకూడదు, తేడా అనిపిస్తే టికెట్టు డబ్బులు పోయినా వెనక్కి రావాలి. ఇవి కుదరకపోతే ఆ ఏడు ఆగాలి. కుదిరితే బయల్దేరాలి.

బయల్దేరాం. ముగ్గురు పిల్లలు ఉపవాసం. మిగతావాళ్ల డబ్బాల్లో థేప్లాలు, చింతకాయ తొక్కు, సకినాలు, సర్వపిండి. థేప్లా నాలుగు రోజులైనా చెడదని గుజరాతీ ఇరుగుపొరుగు నేర్పిన విద్య, మా తల్లులు తొక్కు దానికి జోడించారు. పదింటికి దీపాలార్పాలన్నది నా నియమం. కానీ అది శివరాత్రి. రత్లాం దాటేదాకా అంటే ఒప్పుకున్నాను. ఎదుటి బెర్తుల్లోని పంజాబీ పెద్దాయన మా పిల్లల భజనకు తాళం వేశాడు. కోటా వచ్చేసరికి ఇద్దరే మిగిలారు, కిటికీకి నుదురు ఆనించి. ఒకడు పులి పెట్రోల్‌లో అందరికన్నా చిన్నవాడు. "సార్, చంబల్ నది వచ్చిందా?" అని అడిగాడు. వచ్చాక లేపుతానంటే పడుకోలేదు. చీకట్లో వంతెన చప్పుడు వినే పడుకున్నాడు.

ఆదివారం సాయంత్రం ఇండియా గేట్ పక్కన జాతీయ యుద్ధ స్మారకం. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించారు. చక్రాల్లా వంపు తిరిగిన గ్రానైటు గోడల మీద స్వతంత్రం వచ్చాక ప్రాణాలిచ్చిన పాతిక వేల మందికి పైగా సైనికుల పేర్లు బంగారు అక్షరాల్లో ఉన్నాయి. ప్రవేశం ఉచితం. డేగ పెట్రోల్‌లో ఒకడిది సూర్యాపేట దగ్గరి కుటుంబం. 2020 జూన్‌లో గల్వాన్‌లో చనిపోయిన కర్నల్ సంతోష్ బాబు సూర్యాపేట వారు. ఆ పేరు చూడాలన్నాడు. సిబ్బందిని అడిగి, గోడల వెంట వెతికి, దొరికాక ఆ పిల్లవాడు వేలితో తాకబోయి ఆగాడు. మూడు వేళ్లతో సెల్యూట్ చేశాడు. మిగతావాళ్లు ఎవరూ చెప్పకుండానే వరసలో నిలబడ్డారు.

సోమవారం బంగ్లా సాహిబ్‌లో తల కప్పుకోవాలంటే మెడలోని స్కార్ఫులు విప్పి కట్టుకున్నారు. స్కార్ఫు కట్టుగుడ్డ అవుతుంది, జోలె అవుతుంది, జెండా అవుతుంది అని పాఠాల్లో చెబుతాను. తలపాగా అవుతుందని ఆ రోజు తెలిసింది. లంగర్‌లో తిన్నాక వంటశాలలో సేవ చేస్తామని అడిగారు. మందార లీడర్ ఇంట్లో జొన్న రొట్టె చేసే పిల్ల. గోధుమ పిండి చేతిలో పెట్టగానే ముసలి సర్దార్నీ ఒకామె ఆమె చేతులకేసి చూసి, పీట తన పక్కకు లాక్కుని కూర్చోబెట్టుకుంది. ఆ పూట తిండి ఖర్చు మిగిలింది. రాత్రి కోర్ట్ ఆఫ్ ఆనర్ పెట్టి, ఆ డబ్బు మనది కాదని తేల్చి, మర్నాడు దారిలో మళ్లీ వెళ్లి హుండీలో వేశారు. మెట్రో ఖర్చు అదనంగా పడినా నేను వద్దనలేదు.

మెట్రోలోనే ఒకసారి నా గుండె ఆగినంత పనైంది. రాజీవ్ చౌక్‌లో జనం తోపులాటలో తలుపులు మూసుకున్నాయి. లోపల ఇరవై ఇద్దరు, బయట ఇద్దరు. ముందే చెప్పి ఉంచాం: వెనకబడితే ఉన్న చోటే నిలబడాలి, ముందుకు పోయినవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి ఆగాలి, పెద్దవాళ్లే వెనక్కి వెళ్తారు. నేను వెనక్కి వచ్చేసరికి ఆ ఇద్దరూ ఒక స్తంభానికి వీపులు ఆనించి, చేతులు పట్టుకుని, నిమిషానికోసారి విజిల్ ఊదుతున్నారు. చుట్టూ జనం చూస్తున్నా ఆపలేదు. నన్ను చూడగానే ఏడుపు లంకించుకున్నారు. నేనూ కళ్లు తుడుచుకున్నాను.

మంగళవారం ఫిబ్రవరి 21, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. పొద్దున ఎర్రకోట. అక్కడ నేను వాళ్లకు మా ఊరి సంగతి ఒకటి చెప్పాను. సూరత్ నగరపాలిక ప్రధాన కార్యాలయం ఉన్న మొగలీసరాయ్ షాజహాన్ కాలంలో, 1644లో కట్టిన సత్రం. సూరత్ రేవు నుంచి హజ్‌కు పోయే యాత్రికులు, దూరం నుంచి వచ్చిన బాటసారులు అందులో దిగేవారు. గుంపుగా వచ్చినవాళ్లు తక్కువ ఖర్చుతో తలదాచుకునే ధర్మశాల అన్నమాట. అదే షాజహాన్ కట్టించిన ఎర్రకోట 1648లో పూర్తయింది. పులి లీడర్ వేళ్ల మీద లెక్కేసి, "అయితే మన సరాయే నాలుగేండ్లు పెద్దది సార్" అన్నాడు. ఆ మాట సాయంత్రం దాకా ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరికీ చెప్పారు.

మధ్యాహ్నం అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్. మొత్తం ప్రయాణంలో ఎక్కువ ఖర్చు రాసుకున్న భోజనం అదే. అడిగినంత వడ్డిస్తారు గనుక మా పిల్లలకు గిట్టుబాటే. పప్పు, పొడి, నెయ్యి, పచ్చడి. ఇవన్నీ వాళ్లు రోజూ ఇంట్లో తినేవే. కానీ లింబాయత్ గల్లీల్లో తెలుగు బయట వినపడేలా మాట్లాడటానికి మొహమాటపడే పిల్లలు, ఢిల్లీ నడిబొడ్డున తెలుగు అక్షరాల బోర్డు కింద, వడ్డించే మనిషితో "ఇంకొంచెం పప్పెయ్యన్నా" అని గట్టిగా అడగడం నేను చూశాను. తర్వాత అమృత్ ఉద్యానం. ఆ జనవరిలోనే ఆ పేరు పెట్టారు. ఉచిత ప్రవేశం, ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి. రాష్ట్రపతి భవన్ గోపురం చూస్తూ, ఇక్కడ ముగ్గురు తెలుగువాళ్లు కాపురమున్నారని చెప్పాను: సర్వేపల్లి రాధాకృష్ణన్, వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి. పిల్లలు గులాబీలే ఎక్కువ చూశారు.

చివరి రోజు 22. ఐ.పి. ఎస్టేట్‌లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ జాతీయ కార్యాలయం, లక్ష్మీ మజుందార్ భవన్. సంస్థ పుట్టింది 1950 నవంబరు 7న, గైడ్లు కలిసింది మరుసటి ఏడు ఆగస్టు 15న. గుమ్మం ముందు ముగ్గురు లీడర్లు ముందు, మిగతావాళ్లు వెనక నిలబడి, "స్కౌట్, తయ్యార్" అన్నారు. అంతే. దానికోసం ఏడు నెలలు కవర్లు వేశారు. అక్కడికి దగ్గర్లోనే, దీన్‌దయాళ్ ఉపాధ్యాయ మార్గ్‌లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడి ఉంది. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ప్రారంభించిన సంస్థ అది. రోడ్డు పక్కన నీడ చూసుకుని కూర్చోబెట్టి ఆమె కథ చెప్పాను. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల సమయంలో ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర పద్నాలుగేళ్ల వలంటీరు ఆమె. టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి వదల్లేదు. టికెట్ కొన్నాకే దారిచ్చింది. మందార పెట్రోల్‌లో ఒకమ్మాయి, "ఎవరన్న తిట్టిండ్రా ఆమెను?" అని అడిగింది. లేదు, మెచ్చుకున్నారని చెప్పాను. ఆ పిల్ల తృప్తిగా నీళ్లు తాగింది.

ఫిబ్రవరి 25 శనివారం వరండాలో లెక్కలు చదివారు. రసీదులన్నీ ఒక దారానికి గుచ్చి పెట్టారు. పదమూడు వందల నలభై రూపాయలు మిగిలాయి. తలకు యాభై పైచిలుకు తిరిగి ఇచ్చేద్దామని డేగ లీడర్ అన్నాడు. ఎవరెంత ఇచ్చారో తెలియనప్పుడు ఎవరికెంత ఇస్తామని మందార లీడర్ అడిగింది. డబ్బు డబ్బాలోనే ఉంచి, వచ్చే జూలై పిల్లలకు వదిలేద్దామని తేల్చారు. డబ్బాకు తాళం వేసి, ఎప్పటిలాగే బీరువా మీద పెట్టాను.

మార్చి చివర్లో పరీక్షలయ్యాక దుమ్ము దులపడానికి దించితే లోపల ఏదో కదిలింది. ఒక కవరు. ప్రయాణం అయిపోయాక ఎవరో వేశారు. పేరు లేదు. లోపల మూడు వంద రూపాయల నోట్లు, మడతల్లో సాంచా నూనె మరకలు. మా బస్తీలో ఆ మరక లేని నోటు దొరకడమే అరుదు.